గ్రూపులో మాట్లాడేటప్పుడు గ్రామర్ ఎటు పోతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంజినీరింగ్ ఫస్టియర్ పిల్లలకు ఇంగ్లీష్ ల్యాబ్ తీసుకుంటాను. నలుగురేసి పిల్లల్ని ఒకచోట కూర్చోబెట్టి, ఏదో ఒక పని అప్పగించి, ఇంగ్లీషులో మాట్లాడుకుంటూ తేల్చమనడం ఆ ల్యాబ్‌లో సగం పని. మరి అలాంటప్పుడు గ్రామర్ సంగతేమిటని తోటి టీచర్లు, పిల్లలు, అప్పుడప్పుడు తల్లిదండ్రులు అడుగుతూనే ఉంటారు. పదే పదే ఎదురయ్యే ప్రశ్నలకు నేను చెప్పే జవాబులివి.

వ్యాకరణ స్పృహ అంటే గ్రామర్ రావడమేనా?

రెండూ వేరు. 'మనం సినిమాకి వెళ్దాం', 'మేం సినిమాకి వెళ్తున్నాం' అనే మాటల్లో మనం, మేం తేడాని తెలుగింట్లో పెరిగిన పిల్లలకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. బడికి వెళ్ళేనాటికే అది నోటికి వచ్చేసి ఉంటుంది. ఆ తేడా ఏమిటో వివరించమంటే మాత్రం డిగ్రీలు చదివినవాళ్ళు కూడా కాసేపు బుర్ర గోక్కుంటారు. అంటే గ్రామర్ వచ్చు, దాని మీద స్పృహ లేదు.

ఇంగ్లీష్ దగ్గరికి వచ్చేసరికి కథ తిరగబడుతుంది. థర్డ్ పర్సన్ సింగ్యులర్‌కి క్రియ చివర ఎస్ చేర్చాలని నిద్రలో లేపి అడిగినా చెప్పే కుర్రాడు, నోరు తెరిస్తే 'మై ఫాదర్ వర్క్ ఇన్ ఆర్టీసీ' అంటాడు. రూలు పరీక్ష పేపర్ మీద ఉంది, నోటి దాకా రాలేదు.

నేను స్పృహ అంటున్నది ఈ రెండింటికీ మధ్యలో ఉండేదాన్ని. మాట్లాడుతుండగానే తన నోట్లోంచో, పక్కవాళ్ళ నోట్లోంచో వచ్చిన వాక్యం చెవికి తగిలి 'ఇలాగేనా అనాలి?' అని అనుమానం రావడం. ఆ అనుమానానికి రూలు పేరు తెలియాల్సిన పని లేదు.

మాట్లాడుతూ పోతే గ్రామర్ దానంతటదే రాదా?

కొంత వస్తుంది, కొంత ఎప్పటికీ రాదు. రిచర్డ్ ష్మిట్ అనే భాషావేత్త 1983లో వెస్ అనే మారుపేరుతో ఒక జపాన్ చిత్రకారుడి గురించి రాశాడు. హవాయిలో స్థిరపడ్డ ఆ మనిషి అందరితోనూ కలివిడిగా, ఇంగ్లీషులోనే అన్ని పనులూ చక్కబెట్టుకునేవాడు. మూడేళ్ళ పాటు గమనించినా అతని సంభాషణ మెరుగైంది గానీ, వ్యాకరణం పెద్దగా కదల్లేదు. పని నడిచిపోతున్నప్పుడు క్రియ చివర ఏముందో పట్టించుకోవాల్సిన అవసరం అతనికి రాలేదు మరి.

తర్వాత ష్మిట్ తానే బ్రెజిల్‌లో ఐదు నెలలుండి పోర్చుగీస్ నేర్చుకుంటూ డైరీ రాశాడు. తన మాటల రికార్డింగుల్ని డైరీతో పోల్చి చూస్తే, ఎదుటివాళ్ళు వాడుతుండగా తాను గమనించి రాసుకున్న రూపాలే ఎక్కువగా తన నోట్లోకి వచ్చాయని తేలింది. క్లాసులో చెప్పినంత మాత్రాన, చెవిన పడినంత మాత్రాన రాలేదు. గమనించకుండా నేర్చుకోవడం జరగదని 1990లో అతను ప్రతిపాదించిన సూత్రానికి పునాది ఇదే.

కెనడా అనుభవం కూడా ఇలాంటిదే. మాంట్రియల్ పక్కన సెయింట్ లాంబర్ట్‌లో 1965లో ఇంగ్లీష్ మాట్లాడే పిల్లలకు పాఠాలన్నీ ఫ్రెంచ్‌లో చెప్పే తరగతి ప్రయోగంగా మొదలైంది. ఆ పద్ధతిలో ఏళ్ళ తరబడి చదివిన పిల్లలు ఫ్రెంచ్ విని అర్థం చేసుకోవడంలో ఫ్రెంచ్ పిల్లలకు ఇంచుమించు సాటి వచ్చారు. మాట్లాడితే మాత్రం లింగాలు, క్రియారూపాలు తప్పులే. వినడం ఒక్కటే చాలదు, నోరు తెరిచి తడబడితేనే తనకేం రాదో తెలుస్తుందని మెరిల్ స్వెయిన్ అనే పరిశోధకురాలు 1985లో వాదించింది ఇలాంటి పిల్లల్ని చూసే.

సరే, నలుగురు కూర్చుని మాట్లాడుకుంటుంటే గ్రామర్‌ని నిజంగా గమనిస్తారా?

తక్కువే. అమెరికాలో ఇంగ్లీష్ నేర్చుకునే విద్యార్థుల మాటల్ని జెస్సికా విలియమ్స్ పరిశీలించి 1999లో రాసిన వ్యాసంలోనూ అదే ఉంది. తమంతట తాము భాష మీద దృష్టి పెట్టడం అరుదు, పెట్టినా ఎక్కువగా పదాల కోసమే, భాష బాగా వచ్చేకొద్దీ ఆ దృష్టి పెరుగుతుంది. మా ల్యాబ్‌లో నేను చూసేదీ ఇంతే.

అరుదుగానైనా అది ఎలా జరుగుతుందో చూపిస్తాను. ఆ రోజు టాస్క్ క్లాసంతా కలిసి వెళ్ళే టూర్. అరకు, హంపి, నాగార్జునసాగర్‌లలో ఒకటి తేల్చాలి. ఖర్చు ఒకరి కార్డులో, ప్రయాణం ఒకరి కార్డులో, వాతావరణం ఇంకొకరి కార్డులో ఉంటాయి. కార్డు పక్కవాళ్ళకి చూపించకూడదు. చివర్లో చీటీ తీసి, పేరు వచ్చినవాళ్ళు క్లాసు ముందు నిలబడి చెప్పాలి. నాలుగో అబ్బాయి రాసుకుంటున్నాడు. ఫోన్‌లో రికార్డయిన ముక్క ఇది.

అమ్మాయి: 'ఇఫ్ వుయ్ విల్ గో బై ట్రైన్, వుయ్ విల్ సేవ్ మనీ.'

రాసేవాడు: 'ఇఫ్ వుయ్ విల్ గో... ఆగాగు. ఇక్కడ విల్ వస్తుందా?'

అమ్మాయి: 'ఎందుకు రాదు? ఫ్యూచరే కదా.'

రాసేవాడు: 'రెండు విల్‌లు... ఏదో తేడాగా ఉంది.'

ఇంకొకడు: 'ఇంటర్‌లో మా సార్ చెప్పార్రా, ఇఫ్ పక్కన విల్ పెట్టొద్దని.'

రాసేవాడు: 'మరి గోస్ అనాలా?'

ఇంకొకడు: 'వుయ్ కదరా. గో.'

అమ్మాయి: 'ఇఫ్ వుయ్ గో బై ట్రైన్, వుయ్ విల్ సేవ్... ఆఁ, ఇదే బావుంది.'

అరనిమిషం కూడా పట్టలేదు. ఇందులో నాకు అన్నిటికన్నా విలువైన మాట 'ఏదో తేడాగా ఉంది'. ఇంటర్ సార్ చెప్పిన రూలు అప్పటిదాకా ఎక్కడో మూల పడి ఉంది, ఈ మాట దాన్ని బయటికి లాగింది. చేతిలో పెన్ను లేకపోతే ఆ కుర్రాడికి తేడా తట్టేది కాదని కూడా నా నమ్మకం. మాట గాలిలో పోతుంది, కాగితం మీద రెండు విల్‌లు ఎదురెదురుగా కనిపిస్తాయి.

కాసేపటికి అదే అమ్మాయి వర్షం గురించి చెబుతూ 'ఇఫ్ ఇట్ విల్... ఇఫ్ ఇట్ రెయిన్స్' అని తనే దిద్దుకుంది. ఆ తర్వాత క్లాసు ముందుకొచ్చి చెప్పేటప్పుడు మళ్ళీ 'ఇఫ్ వుయ్ విల్' అనేసింది! టెన్షన్. నేర్చుకోవడం ఇలాగే ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఆ రికార్డింగ్‌లో మిగతాచోట్ల ఆగిందంతా పదాల కోసమే. అరకు రైలు దారి వచ్చేసరికి సొరంగాన్ని ఇంగ్లీషులో ఏమంటారో గుర్తురాక నలుగురూ రెండు నిమిషాలు చేతులతో సొరంగం గీశారు.

ఒకరి తప్పులు ఇంకొకరికి అంటుకోవా?

దీని మీద పాత పేచీ ఉంది, అందులో ఒక పక్షం మన దక్షిణాదిదే. ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు వైపు బడుల్లో గ్రామర్ పాఠాలే లేకుండా, రైల్వే టైంటేబుల్ లాంటి వాటి మీద పనులు చేయిస్తూ ఇంగ్లీష్ నేర్పే ప్రయోగం నడిపాడు. టాస్కులతో భాష నేర్పడమంటే ప్రపంచమంతా ఇప్పటికీ ఆ బెంగళూరు ప్రాజెక్టునే తలుచుకుంటుంది. అయినా ప్రభు గ్రూప్ వర్క్‌ని ప్రోత్సహించలేదు. సగం సగం భాష వచ్చిన పిల్లలు వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకుంటే ఆ సగం భాషే గట్టిపడిపోతుందని ఆయన భయం. మరోవైపు మైకేల్ లాంగ్, ప్యాట్రిషియా పోర్టర్ 1985లో, గ్రూపుల్లో మాట్లాడినంత మాత్రాన పిల్లల తప్పులు పెరగవని, మాట్లాడే అవకాశం మాత్రం ఎన్నో రెట్లు పెరుగుతుందని వాదించారు.

నా మట్టుకు నాకు రెండు పక్షాల మాటా నిజమే అనిపిస్తుంది. ఒకరికి వచ్చిన తప్పు మిగతా ముగ్గురికీ రాకపోతే అది అంటుకోదు, ఎవరో ఒకరు పట్టుకుంటారు. నలుగురిదీ ఒకే మాతృభాష అయినప్పుడు, నలుగురూ ఒకే తప్పు చేస్తున్నప్పుడు చిక్కు. డిస్కస్ పక్కన అబౌట్ అక్కర్లేదు, కానీ 'డిస్కస్ అబౌట్' మా క్లాసులో ఎవరి చెవికీ తగలదు. అలాంటివి పిల్లలకు వదిలేస్తే లాభం లేదు, టీచరే బయటపెట్టాలి.

తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా ఎక్కడ తగులుతుంది?

ఈ ప్రశ్న అడిగితే నాకు హుషారు. పిల్లల తప్పుల్లో చాలా వాటి వెనక ఒక శుభ్రమైన తెలుగు వాక్యం ఉంటుంది.

'నుంచి' తీసుకోండి. 'రెండేళ్ళ నుంచి ఇక్కడే ఉంటున్నాను', '2022 నుంచి ఇక్కడే ఉంటున్నాను.' మనకి ఒకే నుంచి. ఇంగ్లీషుకి మొదటిచోట ఫర్, రెండోచోట సిన్స్ కావాలి. 'ఐ యామ్ స్టేయింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్' అన్నవాడు 'ఉంటున్నాను'ని కూడా పొల్లుపోకుండా దించేశాడు. ఆ తప్పు చేయడానికి కూడా లెక్క ఉంది.

మొన్నటి 'ఇఫ్ వుయ్ విల్' సంగతి కూడా అంతే. 'వెళ్తే' అన్నదానిలో కాలం లేదు, ఎవరు వెళ్తే అన్నదీ లేదు. నేను వెళ్తే, నువ్వు వెళ్తే, వాళ్ళు వెళ్తే, అన్నీ ఒకటే. ఆ ఖాళీలో ఏ క్రియారూపం పెట్టాలో తెలుగు చెప్పదు, అందుకే రేపటి మాట కదా అని విల్ తెచ్చి పెట్టుకుంటారు.

'అని' మరీ గమ్మత్తు. 'రేపు వస్తానన్నాడు' అనేటప్పుడు ఎదుటివాడి మాటని ఉన్నదున్నట్టు 'వస్తాను' అంటూ చెప్పి అని తగిలిస్తాం. ఇంగ్లీషులోకి వెళ్ళినప్పుడు అది 'హి సెడ్ దట్ ఐ విల్ కమ్ టుమారో' అవుతుంది. వచ్చేది ఎవరు? వినేవాడికి అర్థమయ్యేది చెప్పేవాడే వస్తాడని. ఒకసారి గ్రూప్ టాస్క్‌లో ఇదే వాక్యం మీద ఇద్దరు గొడవపడ్డారు, 'నువ్వొస్తానన్నావు కదా', 'నేనెప్పుడన్నాను, వాడొస్తాడన్నాను' అని. గ్రామర్ వల్ల అర్థం మారిపోయిన ఆ క్షణానికి మించిన పాఠం నేను చెప్పలేను.

తెలుగులో ప్రశ్నకి పదాల వరస మారదు కాబట్టి 'వై యు ఆర్ లేట్?' వస్తుంది. 'ఏ', 'ది' అనే ఆర్టికల్స్ సంగతి చెప్పక్కర్లేదు, మనకి అవి లేనే లేవు. ఇక 'కజిన్ బ్రదర్' లాంటివి నేను దిద్దను. దేశమంతా అంటున్న మాట, అర్థమూ చెడటం లేదు.

మాట్లాడుతుంటే మధ్యలో ఆపి దిద్దాలా?

నేను ఆపను. మధ్యలో ఆపితే ఆ పిల్ల ఆ రోజుకి మళ్ళీ నోరు తెరవదు. అలాగని పక్కన నిలబడి సరైన వాక్యం మెల్లగా అనేసి వెళ్ళిపోతే పని జరుగుతుందనుకోవడం కూడా భ్రమే. రాయ్ లిస్టర్, లైలా రాంటా 1997లో మాంట్రియల్ ప్రాంతపు తరగతుల్లో లెక్క కట్టారు. టీచర్ల స్పందనల్లో 55 శాతం ఇలా సరైన వాక్యాన్ని తిరిగి అనడమే. దానికి పిల్లల నుంచి ఏదో ఒక ప్రతిస్పందన వచ్చింది 31 శాతం సార్లే. మిగతా సార్లు, టీచర్ తమ మాటకి 'ఊఁ' కొడుతున్నారనుకుని ఉంటారు. ఏమనాలో టీచరే చెప్పేయకుండా వాళ్ళ నోటితోనే అనిపించడానికి ప్రయత్నించినప్పుడు మాత్రం పిల్లలు ప్రతిసారీ స్పందించారు.

అందుకని గ్రూపుల మధ్య తిరుగుతూ వినబడ్డవి చిన్న కాగితం మీద రాసుకుంటాను. టాస్క్ అయ్యాక ఐదారు వాక్యాలు పేర్లు లేకుండా బోర్డు మీద పెడతాను, వాటిలో రెండు తప్పు లేనివి కూడా కలుపుతాను. ఏది బాగుంది, ఏది కాదు అన్నది గ్రూపులే తేల్చాలి. తప్పులేని వాక్యాన్ని కూడా పట్టుబట్టి 'దిద్దే'వాళ్ళుంటారు, అసలు సరదా అక్కడే.

మధ్యలో తెలుగులోకి జారిపోతే?

పైన రాసిన సంభాషణ మళ్ళీ చూడండి. 'ఏదో తేడాగా ఉంది' అన్నది తెలుగులోనే. దాన్ని ఇంగ్లీషులోనే అనాలని పట్టుబడితే ఆ అనుమానం గొంతులోనే ఆగిపోయేది. టాస్క్ ఇంగ్లీషులో నడవాలి, భాష గురించిన అనుమానం ఏ భాషలోనైనా రావచ్చు. మా ల్యాబ్‌లో ఇదే నియమం. ఇది బాగుందని చెప్పి నిన్నటి మ్యాచ్ గురించి తెలుగులో మాట్లాడుకునే గ్రూపులూ ఉంటాయి, వాళ్ళ దగ్గరికెళ్ళి కాసేపు నిలబడితే చాలు.

ఎలాంటి టాస్క్ ఇస్తే గ్రామర్ కంటబడుతుంది?

'మొబైల్ ఫోన్ మంచిదా, చెడ్డదా' అని ఇస్తే కంటబడదు. నాలుగు పడికట్టు మాటలతో దాటేస్తారు. గ్రామర్ తప్పితే పని చెడిపోయేలా టాస్క్ ఉండాలి, లేదా ఎక్కడో ఒకచోట కాగితం మీద పెట్టాల్సి రావాలి.

నాకు నచ్చింది డిక్టోగ్లాస్. రూత్ వైన్‌రిబ్ 1990లో దీన్ని టీచర్లకు బాగా పరిచయం చేసింది. ఐదారు వాక్యాల ముక్కని మామూలు వేగంతో రెండుసార్లు చదువుతాను. మొదటిసారి ఉత్తినే వింటారు, రెండోసారి దొరికిన మాటలు గీకుతారు. తర్వాత గ్రూపుగా మాట్లాడుకుంటూ ఆ ముక్కని మళ్ళీ కట్టాలి. అర్థం అందరికీ తెలుసు, పెద్ద పదాలన్నీ దొరికాయి, వాటి మధ్య అతుకులే దొరకలేదు. అందుకని మాటలన్నీ అతుకుల మీదే నడుస్తాయి. 'ద బస్ హాడ్ లెఫ్ట్ వెన్ వుయ్ రీచ్డ్' అన్న వాక్యం నుంచి చాలా గ్రూపులకి 'బస్, లెఫ్ట్, రీచ్డ్' మాత్రమే చిక్కాయి. ఒక గ్రూపులో 'బస్సు ముందు పోయిందా, మనం వెళ్ళాక పోయిందా?' అని మొదలైన తగువు హాడ్ దగ్గర తేలింది. పాస్ట్ పర్ఫెక్ట్ అన్న పేరు ఎవరూ ఎత్తలేదు.

ముందు కాస్త ఆలోచించుకునే టైం ఇవ్వడం కూడా మంచిదే. పాలీన్ ఫోస్టర్, పీటర్ స్కెహాన్ 1996లో లండన్ విద్యార్థులకు పది నిమిషాలు ఇచ్చి చూస్తే మాట ధారగా వచ్చింది, వాక్యాలు పెద్దవయ్యాయి. తప్పులు తగ్గడం మాత్రం టాస్క్‌ని బట్టి మారింది. కాబట్టి దాన్ని సర్వరోగ నివారిణి అనుకోవద్దు.

ఒకడే మాట్లాడేస్తుంటే, మిగతావాళ్ళు తలాడిస్తుంటే?

ప్రతి క్లాసులోనూ ఉండేదే. ఆస్ట్రేలియాలో జంటలుగా పనిచేసే విద్యార్థుల్ని నియోమీ స్టార్చ్ పరిశీలించి 2002లో రాసింది. ఇద్దరూ పంచుకునే జంటల్లో, ఒకరికి ఎక్కువ వచ్చి రెండోవాళ్ళని కలుపుకుపోయే జంటల్లో నేర్చుకున్నది నిలబడింది. ఒకరు పెత్తనం చేసి ఇంకొకరు ఊరుకున్న చోట అంతగా నిలవలేదు. వచ్చినవాడు గ్రూపులో ఉండటంలో తప్పులేదన్నమాట, వాడి తీరే ముఖ్యం. నేను పెన్ను ఎప్పుడూ మాట్లాడనివాళ్ళ చేతికిస్తాను. రాయాలంటే 'మళ్ళీ చెప్పు' అని అడగక తప్పదు. బాగా వచ్చినవాడు తన వాక్యాన్ని రెండోసారి అనాల్సి వస్తుంది, అప్పుడు తన తప్పు తనకే వినబడుతుంది.

ఫోన్‌లో రికార్డ్ చేసుకోవడం వల్ల లాభం ఉందా?

ఉంది, అందరూ ఒప్పుకుంటేనే. ఆ ఫైల్ గ్రూపు దాటి పోకూడదు. మొత్తం వినక్కర్లేదు. ఒక్క నిమిషం తీసుకుని, ఉన్నదున్నట్టు ఆ నలుగురే కాగితం మీద దించాలి. మొదటిసారి నవ్వులే నవ్వులు. 'ఇది నేనన్నానా!' అని ఒప్పుకోనివాళ్ళుంటారు. ఎర్ర పెన్నుతో నేను దిద్దినప్పుడు రాని ఆశ్చర్యం అది. ఒక నిమిషం మాటని దించడానికి అరగంట పడుతుంది, కాబట్టి నెలకోసారి చాలు.

ప్లేస్‌మెంట్ గ్రూప్ డిస్కషన్‌లో గ్రామర్‌కి మార్కులు పోతాయా?

అక్కడ ఎదుటివాళ్ళ మాట విని అందుకోవడం, విషయం ఉండటం ముందు. చిన్నాచితకా తప్పులు దాటిపోతాయి. అర్థం మార్చే తప్పులు దాటవు. 'హి సెడ్ ఐ విల్' గుర్తుంది కదా.

అమెరికాలో మా పిల్లలు తెలుగు క్లాసుకెళ్తున్నారు. వాళ్ళకీ ఇది పనిచేస్తుందా?

అక్కడ ఇంకా బాగా పనిచేస్తుంది. ఆ పిల్లలకి ఇంట్లో విన్న తెలుగు అర్థమవుతుంది, కెనడా పిల్లల ఫ్రెంచ్ లాగే నోట్లోకి వచ్చేసరికి క్రియ చివర్లు జారిపోతాయి. 'అమ్మ వచ్చాడు', 'నేను తింటుంది.' వాళ్ళతో కూడా గ్రూపు ఆటలే ఆడించండి, గెలవాలంటే ఆ చివర్లు పట్టుకోక తప్పనివి.

మా అక్క కూతురు డల్లాస్‌లో శనివారాలు తెలుగు క్లాసుకి వెళ్తుంది. సెలవులకి వచ్చినప్పుడు మా ఇంట్లో పిల్లలందరూ రెండు జట్లుగా అంత్యాక్షరి ఆడారు. ఆట ముగిశాక అది ఎగురుకుంటూ అవతలి జట్టు దగ్గరికెళ్ళి 'మనం గెలిచాం!' అంది. వాళ్ళూ ఎగరడం మొదలుపెట్టారు. ఇదేమిటని బిక్కమొహం వేసి, 'కాదు, కాదు, మనం అంటే వీళ్ళు' అని తన జట్టుని చూపించింది. మా పెద్దోడు నవ్వుతూ 'అయితే మేం అనవే' అన్నాడు. అది కాసేపు ఆలోచించింది. 'మేం గెలిచాం. మీరు కాదు,' అంది. తర్వాత నా వైపు తిరిగి, 'పిన్నీ, మరి మనం ఐస్‌క్రీమ్‌కి వెళ్దామా? మీరందరూ కూడా,' అని అడిగింది.